గోడలు తెరుచుకునే ఇల్లు

లండన్ వెళ్ళొచ్చినవాణ్ణి ఏం చూశావని అడగండి. టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ పాలెస్, మైనపు బొమ్మల పక్కన నిలబడి దిగిన ఫోటో... జాబితా మీకే తెలుసు. నేనూ అవన్నీ చూశాను, ఫోటోలూ దిగాను. కానీ ఇంటికొచ్చాక ఎవరడిగినా నేను చెప్పేది ఒక ఇంటి గురించి. ఆ ఇంట్లో ఒక గది, మన అపార్టుమెంట్లలో చిన్న బెడ్‌రూమంత గది. అందులో 118 పెయింటింగులు ఉన్నాయి. అబద్ధం కాదు, ముందు వినండి!

అయితే నేనక్కడికి ఎందుకెళ్ళానో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

మా నాన్న కోడంబాకం స్టూడియోల్లో సీనరీ పెయింటరు. తెల్లారితే షూటింగ్ అంటే రాత్రికి రాత్రి గుడ్డ మీద హిమాలయాలు లేపేవాడు. టైటిల్స్‌లో ఆయన పేరు ఏనాడూ పడలేదు. 'మాయాబజార్' (1957) కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల పేర్లు ఎత్తితే మాత్రం కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు. ఆయనకో అలవాటుండేది. సినిమా అయిపోయాక సెట్టు కూలగొట్టేస్తారు కదా. దాని ముందురోజు సాయంత్రం వెళ్ళి, కార్ట్రిడ్జి కాగితం మీద పోస్టర్ కలర్స్‌తో ఆ సెట్టు బొమ్మ వేసుకొచ్చేవాడు. "రేపటికి ఉండదురా ఇది" అనేవాడు. అంతే, ఇంకేం చెప్పేవాడు కాదు.

1991లో మేం మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేశాం. సామాన్లు సర్దుతుంటే అటక మీద రెండు కట్టలు కనిపించాయి. కొత్తగా అద్దెకు తీసుకున్నవి రెండే గదులు. నాకప్పుడు పాతికేళ్ళు, పాత సామానంటే ఒళ్ళుమంట. ఒక కట్ట పాతపేపర్ల వాడికి వేసేశాను. తూకానికి! నాన్న బయటి నుంచి వచ్చి అటక వంక చూసి, "ఆ కట్టేదిరా?" అన్నాడు. చెప్పాను. "సర్లే, అక్కడ చోటు లేదుగా" అని కాఫీ తాగాడు. 2003లో పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

మిగిలిన కట్ట ట్రంకు పెట్టెలో మూలనపడింది. మా అన్నయ్య విజయవాడలో, అక్కయ్య రాజమండ్రిలో. అన్నయ్య "మూడు వాటాలు వేసేద్దాం" అంటాడు. అక్కయ్య "పంచితే ఇంక అవి నాన్నవి కావురా" అంటుంది. నా హాల్లో గోడ పదకొండు అడుగులు, దాని మధ్యలో టీవీ. నిరుడు వానాకాలం తర్వాత పెట్టె తెరిస్తే అడుగున ఉన్న బొమ్మ అంచుకి బూజు! ఫోన్లో మా అమ్మాయితో చెప్పుకుని బాధపడ్డాను. తనిప్పుడు లండన్‌లో ఉద్యోగం. "నాన్నా, నువ్వు రా. నీ పెట్టెకి మందు ఇక్కడుంది" అంది.

హోబర్న్ స్టేషన్లో దిగి నాలుగడుగులు నడిస్తే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే పెద్ద చౌకు. పచ్చగడ్డి, చెట్లు, చుట్టూ పాతకాలపు మేడలు. పదమూడో నంబరు ఇల్లు తెల్లరాతి ముఖంతో మిగతావాటికంటే కాస్త ముందుకొచ్చి నిలబడి ఉంటుంది. అదే సర్ జాన్ సోన్ మ్యూజియం. టిక్కెట్టు లేదు. అయితే లోపల ఇరుకు గనక ఒక్కసారిగా అందర్నీ తోసెయ్యరు, కొద్దికొద్దిమందినే వదులుతారు. బయట నిలబడితే మా అమ్మాయి, "ఫస్ట్ డే ఫస్ట్ షో క్యూలా ఉంది కదూ" అంది. ఆ క్యూల్లో చొక్కాలు చింపుకున్నవాణ్ణి నేను, ఇదొక లెక్కా!

ఈ సోన్ ఎవరనుకుంటున్నారు? 1753లో పుట్టిన తాపీమేస్త్రి కొడుకు. కష్టపడి చదివి, ఇటలీ వెళ్ళి నేర్చుకుని, 1788లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి ఆర్కిటెక్టయ్యాడు. నలభై అయిదేళ్ళు ఆ పని చేశాడు. పెళ్ళాం తరఫున ఆస్తీ కలిసొచ్చింది. ఆ డబ్బు ఏం చేశాడంటే, కొన్నాడు. రోమన్ రాళ్ళు, గ్రీకు కుండలు, పుస్తకాలు, పెయింటింగులు, విరిగిన స్తంభాల తలకాయలు... కనబడిందల్లా కొన్నాడు. ముందు పన్నెండో నంబరు ఇల్లు, తర్వాత పదమూడు, తర్వాత పద్నాలుగు. కొన్నవి పట్టక ఇళ్ళు కొన్నాడు, ఇళ్ళు పట్టక గోడలు కదిపాడు. చచ్చిపోయేదాకా ఆ ఇంట్లో పని ఆగలేదట. అర్ధరాత్రి సుత్తిమోత వినపడని రోజు ఆవిడకుండేదా అని నాకో అనుమానం.

లోపలికెళితే మొదట ఎర్రటి గోడల భోజనశాల. దాని వెనక ఫలహారాల గది. అది చూడాలి మీరు! చిన్న గది, నెత్తిన గొడుగులాంటి గుమ్మటం. గుమ్మటం గోడల దాకా రాదు, పక్కన సందులోంచి పైనుంచి పసుపు గాజులోంచి వెలుతురు కిందికి జారుతుంది. బయట లండన్ ముసురు, లోపల సాయంకాలపు ఎండ. మన కెమెరామెన్ లైటుకి పసుపు కాగితం కట్టి చేసే పని అది, ఆయన కరెంటు లేని రోజుల్లో చేశాడు. గుమ్మటంలో అక్కడక్కడా గుండ్రటి ఉబ్బు అద్దాలు. ఒక్కో అద్దంలో గది మొత్తం ముడుచుకుని కూర్చుంటుంది. నా బట్టతలా అందులో పడి నూటికి నూరుపాళ్ళు విగ్రహంలా కనిపించింది.

వెనక భాగమంతా రాళ్ళే. నేల నుంచి కప్పుదాకా తలలు, చేతులు, పాదాలు, కలశాలు. కింద ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక. దాన్ని 1817లో బయటపెట్టింది బెల్జోని. ఆయన పూర్వాశ్రమంలో సర్కస్‌లో బరువులెత్తే వస్తాదు! బ్రిటిష్ మ్యూజియం ధర ఎక్కువంటే, 1824లో సోన్ రెండువేల పౌన్లిచ్చి కొనేశాడు. లోపలికి తేవడానికి ఇంటి గోడ పడగొట్టాల్సొచ్చింది. మరుసటేడాది మూడు రాత్రులు దీపాలు పెట్టి ఊళ్ళో పెద్దలందరినీ పిలిచి చూపించాడు. మన శతదినోత్సవాలు ఏ మూలకి!

సరే, అసలు గదికి వద్దాం.

దాన్ని పిక్చర్ రూమ్ అంటారు, 1824లో కట్టాడు. పొడవు పదమూడడుగుల ఎనిమిదంగుళాలు, వెడల్పు పన్నెండడుగుల నాలుగంగుళాలు. ఎత్తు మాత్రం పంతొమ్మిదిన్నర. కిటికీల్లేవు, వెలుతురు పైకప్పు నుంచే. కిటికీ పెడితే అంత మేర బొమ్మకి చోటు పోతుంది కదా! మేం వెళ్ళేసరికి గోడల నిండా బొమ్మలు. నిండుగానే ఉంది గానీ నూట పద్ధెనిమిదెక్కడివి? నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. ఇంతలో అక్కడుండే ఉద్యోగి ఒకాయన వచ్చి, మమ్మల్ని కాస్త వెనక్కి జరగమన్నాడు. గోడకున్న ఇత్తడి పిడి పట్టుకున్నాడు. లాగాడు.

గోడ తెరుచుకుంది!

బీరువా తలుపులా, బొమ్మలతో సహా గోడ మొత్తం మా మీదికి తిరిగింది. తలుపు లోపలి వైపు కూడా బొమ్మలే. దాని వెనక ఇంకో వరస పలకలు, వాటి మీదా బొమ్మలే. ఆయన ఆ రెండో వరస పట్టుకుని దాన్నీ తెరిచాడు. ఈసారి వెనక గోడ లేదు! ఖాళీ. ఎదురుగా రంగు గాజులోంచి వెలుతురు, ఆ వెలుతురులో బట్ట జారుతున్న అప్సరస విగ్రహం ఒకటి, దాని చుట్టూ ఆయన కట్టిన భవనాల నమూనాలు. తొంగి చూస్తే కింద ఇంకో అంతస్తు. మా వెనకనున్న ఎవరో చిన్నపిల్ల "హా" అంది. నేనూ అన్నాను, పైకి వినపడకుండా.

మన స్టూడియోల్లో సెట్టు గోడలు విడివిడి ఫ్లాట్లు. కెమెరా వెనక్కి పోవాలంటే ఒక గోడ పీకేస్తారు, షాటయ్యాక మళ్ళీ నిలబెడతారు. గోడ అంటే కదలనిదని మామూలు మనుషులనుకుంటారు, సెట్టు మనుషులు అనుకోరు. ఈయన తన ఇంటిని సెట్టులా ఆలోచించాడు. ఆ గదిలో పట్టినన్ని బొమ్మలు మామూలుగా తగిలించాలంటే నలభై అయిదడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు హాలు కావాలని ఆయనే లెక్కగట్టి రాసుకున్నాడు. ఇంకో లాభం. మూసి ఉన్న బొమ్మకి వెలుతురు తగలదు, రంగు వెలిసిపోదు. నాకు వెంటనే ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. పెట్టెలోనూ వెలుతురు తగలదు. కానీ అక్కడ గాలీ తగలదు, మనిషి చూపూ తగలదు.

ఆ గదిలో ఉన్నవాటిలో మన సినిమా జనం తప్పక చూడాల్సింది హోగార్త్ వేసిన ఎనిమిది పెయింటింగులు, 'ఎ రేక్స్ ప్రోగ్రెస్'. 1730ల నాటివి. చూస్తుంటే ఎనిమిది రీళ్ళ తెలుగు సినిమా! పిసినారి తండ్రి పోతాడు, కొడుకు టామ్ చేతికి ఆస్తి వస్తుంది. మొదటి రీల్లోనే దర్జీ వచ్చి కొత్త సూటుకి కొలతలు తీస్తుంటే, గుమ్మంలో వాడు మోసం చేసిన పిల్ల సారా ఉంగరం పట్టుకుని ఏడుస్తూ ఉంటుంది, పక్కన తల్లి. రెండో రీల్లో పొగిడేవాళ్ళు, డాన్సు మాస్టర్లు, కత్తిసాము మాస్టర్లు. మూడో దాంట్లో తాగుడు, ఆడవాళ్ళు. నాలుగులో అప్పుల వాళ్ళు పట్టుకుంటే ఎవరొచ్చి విడిపిస్తుందనుకున్నారు? అదే సారా! అయినా బుద్ధి రాదు. అయిదులో డబ్బు కోసం ఒంటికన్ను ముసలామెని పెళ్ళి చేసుకుంటాడు. ఆరులో జూదం, ఏడులో జైలు, ఎనిమిదిలో పిచ్చాసుపత్రి. అక్కడా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నది సారాయే. మన హీరోయిన్లంతా ఈవిడ చెల్లెళ్ళే అనిపించింది. ఆఖరి బొమ్మ ఆధారంగా హాలీవుడ్ వాళ్ళు 1946లో 'బెడ్‌లామ్' అని సినిమా కూడా తీశారు, బోరిస్ కార్లాఫ్ నటించాడు. అన్నట్టు, ఈ బొమ్మల ప్రింట్లు దొంగచాటుగా అచ్చేసుకునే వాళ్ళ బాధ పడలేక హోగార్త్ కాపీరైటు చట్టం కోసం పోరాడాడు. 1735లో అది అమల్లోకి వచ్చేదాకా ప్రింట్లు విడుదల చెయ్యలేదు. పైరసీ బాధ ఇవాళ్టిది కాదండీ!

ఈ ఎనిమిదింటినీ 1802లో వేలంలో పాడింది సోన్ కాదు, ఆయన భార్య ఎలైజా. 570 గినీలు. మరో నాలుగు హోగార్త్ బొమ్మలు, ఎన్నికల బాగోతం మీద వేసినవి, ప్రఖ్యాత రంగస్థల నటుడు డేవిడ్ గారిక్ ఇంటివి. ఆయన భార్య పోయాక 1823లో అమ్మకానికి వస్తే సోన్ కొన్నాడు.

ఇంకో బొమ్మ దగ్గర మాత్రం నేను చాలాసేపు నిలబడిపోయాను. సోన్ దగ్గర గాండీ అని చిత్రకారుడుండేవాడు. ఆయన కట్టడాలకి బొమ్మలు వేసిపెట్టేవాడు. 1830లో ఆయన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ని పైనుంచి చూసినట్టు ఒక బొమ్మ వేశాడు. కప్పుల్లేవు, గోడలు సగం సగం. బ్యాంకు అప్పటికి బ్రహ్మాండంగా నిలబడి ఉంది, ఈయన మాత్రం శిథిలంగా వేశాడు! వందేళ్ళయినా కాకముందే, 1920లలో, బ్యాంకు వాళ్ళు లోపలి కట్టడాలు చాలామటుకు నిజంగానే కూలగొట్టేశారు. ఇప్పుడు సోన్ బ్యాంకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇలాంటి కాగితాలే దిక్కు. "రేపటికి ఉండదురా ఇది."

ఆ ఇంటికి ఇంకో కథ ఉంది, అది మన సినిమాలోకి కూడా ఎక్కదు, మరీ ఎక్కువైపోతుంది. సోన్‌కి ఇద్దరు కొడుకులు. తన తర్వాత ఇద్దరూ ఆర్కిటెక్టులవుతారని, ఈ ఇల్లూ ఈ బొమ్మలూ వాళ్ళకి బడిలా పనికొస్తాయని ఆశ. చిన్నవాడు జార్జి అప్పులు చేసి జైలుకెళ్ళాడు. 1815 సెప్టెంబరులో ఒక పత్రికలో పేరు లేకుండా తండ్రి కట్టడాలని ఎగతాళి చేస్తూ వ్యాసాలు వచ్చాయి. రాసింది జార్జేనని తెలిసింది. ఆ నవంబరులోనే ఎలైజా చనిపోయింది. కొడుకు రాతలే ఆమెని చంపాయని సోన్ నమ్మాడు. ఆ కాగితాల్ని చింపలేదు, ఫ్రేము కట్టించి, 'జార్జి సోన్ కొట్టిన చావుదెబ్బలు' అని అర్థం వచ్చేలా రాసి పెట్టుకున్నాడు. పెద్ద కొడుకు కూడా 1823లో పోయాడు. దాంతో 1833లో ఏకంగా పార్లమెంటులో చట్టం చేయించాడు. తను పోయాక ఇల్లు జాతికి చెందాలి, వీలైనంతవరకు ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, జనానికి ఉచితంగా చూపించాలి. జార్జికి ఇల్లు దక్కలేదు. 1837లో ముసలాయన పోయాడు. అప్పట్నుంచి అంతే.

పాపం అనాలో, పట్టుదల అనాలో నాకు తెలియలేదు. నలభై ఏళ్ళు రోజుకో రకంగా ఇల్లు మార్చినవాడు, పోతూ పోతూ ఒక్క కుర్చీ కదలకూడదని శాసనం చేయించాడు. కోపంలో చేసిన పని అది. కానీ ఆ కోపం లేకపోతే నేను ఆ గోడ తెరుచుకోవడం చూసేవాణ్ణి కాదు. మన సాలార్‌జంగ్ సంగతి చూడండి. మూడో సాలార్‌జంగ్ 1949లో వారసుల్లేకుండా పోయాడు. 1951లో ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1968లో సామానంతా మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. ముసుగు రెబెకా అక్కడ హాయిగానే ఉంది. మెఫిస్టోఫిలిస్ వెనక అద్దం పెట్టి రెండోవైపు మార్గరెటా కనబడేలా చేసిన ఏర్పాటు సోన్ చూస్తే శభాష్ అనేవాడే. కానీ ఆ నవాబు ఏ బొమ్మని మంచం పక్కన పెట్టుకున్నాడో, దేన్ని రోజూ చూసుకునేవాడో మనకి తెలిసే వీలు లేదు. దేవిడీ చాలామటుకు పోయింది, ఆ చోట బజారు వచ్చింది.

బయటికొచ్చి చౌకులో బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసి నా చేతికిచ్చింది. "గీయి" అంది.

హైదరాబాద్ వచ్చాక వడ్రంగిని పిలిపించాను. నా బొమ్మ చూసి అతను నవ్వాడు. "గోడకి తలుపులా సార్? వెనక గది లేదుగా!" అన్నాడు. నెల రోజులు పట్టింది, అంతా సోన్ అంత సులువు కాదు మరి. మీ ఇంట్లోనూ ఎవరైనా చేయించుకుంటారేమోనని చెబుతున్నాను, నేను పడ్డ తిప్పలు మీరు పడకండి.

టీవీ కదలకూడదని మా ఆవిడ షరతు. సరే, మధ్యలో అయిదడుగులు టీవీకి వదిలేశాం. అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. ఒక్కోవైపు గోడ, దాని ముందు ఒక పలక, దాని ముందు ఇంకో పలక, పుస్తకంలో పేజీల్లా. పలకకి రెండువైపులా లెక్కేసుకుంటే గోడతో కలిపి అటు అయిదు ముఖాలు, ఇటు అయిదు. ఒక్కో ముఖానికి మూడు బొమ్మలు. పదకొండడుగుల గోడ మీద ఆరడుగుల చోటు ముప్ఫై అడుగులయింది!

మొదట చేసిన పలక వారానికే కిందికి వాలి నేల గీకింది. బరువంతా బందుల మీద వేశాం, అదీ తప్పు. తర్వాత పలక చివర కింద చిన్న చక్రం పెట్టించాం. ఫ్రేములకి గాజు తీసేసి ఆక్రిలిక్ షీటు వేయించాం, సగానికి సగం తేలికయింది. పలకకీ పలకకీ మధ్య మూడంగుళాలు వదలాలి, లేకపోతే ఫ్రేములు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. గోడకీ బొమ్మకీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, చెమ్మ కాగితానికి ఎక్కకుండా. ఎండ తిన్నగా పడే గోడా, అవతల బాత్‌రూమ్ ఉన్న గోడా అసలు పనికిరావు.

అన్నయ్య వాటాల మాటకి కూడా వడ్రంగే దారి చూపించాడు. ఊచ పైకి లాగితే విడిపోయే బందులు వేశాడు. పలకకి పలక ఊడొస్తుంది. గోడకి రెండు బందులు కొట్టించుకుంటే అన్నయ్య ఇంట్లోనూ అదే పలక వేలాడుతుంది. ఈ సంక్రాంతికి ఒకటి రాజమండ్రి వెళ్ళింది, ఉగాది తర్వాత విజయవాడ వెళుతుంది. అన్నయ్య ఫోన్లో, "ఏ పలకొస్తుందిరా? కోట సెట్టున్నదే పంపు" అన్నాడు. పోట్లాట పూర్తిగా ఆగిందని చెప్పను. ఇప్పుడు ఏ బొమ్మ ఎవరికి ముందు అన్నదాని మీద జరుగుతోంది.

మా ఇంటికొచ్చే పిల్లలకి నేనే తెరిచి చూపిస్తాను. కాస్త వెనక్కి జరగండి అని ముందు చెప్పాలి. బయటి పలక మీద రాజదర్బారు, లోపల పల్లెటూరి వీధి, దాని వెనక మెట్లున్న జమీందారు మేడ. "ఈ మేడ ఇప్పుడెక్కడుంది తాతా?" అని ఎదురింటి కుర్రాడు అడిగాడు. ఎక్కడా లేదురా, మూడు వారాలుండింది అన్నాను.

కొక్కేలు కొట్టే రోజు వడ్రంగి లెక్క చూసుకున్నాడు. ముప్ఫై కొక్కేలు. ట్రంకులోంచి వచ్చినవి ఇరవై ఎనిమిది. కుడివైపు అన్నిటికంటే లోపల, గోడ మీద రెండు ఖాళీగా మిగిలాయి. "ఈ రెండూ పీకేసి లప్పం పెట్టేదా సార్?" అన్నాడు.

ఉండనిమ్మన్నాను.